పెద్ద విశ్వవిద్యాలయంలో అసిస్టెంటుగా ఉండిపోవాలా, చిన్న కాలేజీకి హెడ్ కోచ్‌గా వెళ్లాలా?

అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో ఒకదాని నుంచి రాసిన ఈ పాఠకుడు తన పేరు, ఊరు, పనిచేసే విశ్వవిద్యాలయం పేరు ప్రచురించవద్దని కోరారు. ఉత్తరం పదకొండు పేజీలు ఉంది కనుక సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

ఆయన వయసు 37. హనుమకొండలో ఏడో తరగతి దాకా చదివి, పదమూడో ఏట తల్లిదండ్రులతో అమెరికా వచ్చారు. హైస్కూల్లో పరుగు పట్టుబడింది. కాలేజీలో స్టీపుల్‌చేజ్ (అడ్డుకర్రలు, నీటిగుంట దాటుతూ తీసే పరుగు) పరిగెత్తుతూనే కంప్యూటర్ సైన్సు పట్టా పుచ్చుకున్నారు. ఒక బ్యాంకులో ఏడాదిన్నర ఉద్యోగం చేసి, అది వదిలేసి కోచింగ్‌లోకి వచ్చారు. రెండేళ్లు గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగా, మూడేళ్లు ఒక డివిజన్-2 కాలేజీలో (అమెరికా కాలేజీ క్రీడల్లో మూడు అంచెలుంటాయి, డివిజన్-1 అన్నిటికన్నా పైది, డివిజన్-3 కిందిది), గత ఎనిమిదేళ్లుగా ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయపు డివిజన్-1 జట్టులో దూరపు పరుగుల అసిస్టెంట్ కోచ్‌గా పనిచేస్తున్నారు. జీతం ఏడాదికి 54,000 డాలర్లు. భార్య ఫార్మసిస్టు, ఇల్లు ప్రధానంగా ఆమె జీతం మీద నడుస్తోంది. ఎనిమిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు.

వచ్చే జూన్‌లో ఆయన పనిచేసే జట్టు హెడ్ కోచ్ పదవీ విరమణ చేస్తున్నారు. కొత్తగా వచ్చేవారు తమ మనుషులను తెచ్చుకుంటే ఈయన ఉద్యోగం ఉండకపోవచ్చు. ఈలోగా పక్క రాష్ట్రంలో, ఐదు గంటల ప్రయాణ దూరంలో ఉన్న ఒక చిన్న ప్రైవేటు కాలేజీ, జూలై నుంచి పురుషుల, మహిళల క్రాస్ కంట్రీ (మైదానాల్లో, మట్టిదారుల్లో సాగే దూరపు పరుగు), ట్రాక్ జట్లన్నిటికీ హెడ్ కోచ్‌గా రమ్మంది. అది డివిజన్-3. జీతం 61,000 డాలర్లు, పిల్లల చదువుకు ఫీజు రాయితీ. మూడు వారాల్లో జవాబు చెప్పాలి. తండ్రిగారి మాట ఇది: "ఇరవై నాలుగేళ్లు ఈ దేశంలో ఉండి, నా కొడుకు చివరికి డ్రిల్లు మాస్టారయ్యాడు. అదీ ఎవరూ పేరు వినని కాలేజీలో." భార్య మాట వేరు: "పెళ్లయిన పదేళ్లలో ఒక్క అక్టోబరు శనివారం కూడా మీరు ఇంట్లో లేరు." ఇవేవీ వద్దనుకుంటే, ఒక మిత్రుడి సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరే దారి తెరిచే ఉంది. "డివిజన్-1 నుంచి డివిజన్-3కి వెళితే వెనక్కి పరిగెత్తినట్టేనా?" అని ఆయన అడుగుతున్నారు.

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, ఏ విషయానికి ఎన్ని వాక్యాలు ఇచ్చారో లెక్క వేశాను. నేను ముప్పై ఏళ్లు అమెరికాలో ఒక కాలేజీ అడ్మిషన్ల కార్యాలయంలో పనిచేసిన మనిషిని, దరఖాస్తు వ్యాసాలను అలా చదవడం నాకు అలవాటు. జీతం గురించి మూడు వాక్యాలు, మిత్రుడి కంపెనీ గురించి రెండు, మీ నాన్నగారి మాటల గురించి ఒక పేజీ ఉన్నాయి. రెండున్నర పేజీలు మాత్రం ఒక కుర్రాడి గురించి రాశారు. మీ ప్రశ్నలో ఆ కుర్రాడు లేడు కానీ, మీ జవాబులో చాలా భాగం అతని దగ్గరే ఉందని నాకు అనిపిస్తోంది.

పాఠకుల కోసం ఆ సంగతి కొంచెం చెప్పాలి. క్రాస్ కంట్రీలో జట్టుకు ఏడుగురు పరిగెత్తుతారు. మొదటి ఐదుగురు వచ్చిన స్థానాలను కూడితే జట్టు స్కోరు, తక్కువ వచ్చిన జట్టుదే గెలుపు. ఆరో మనిషి, ఏడో మనిషి తమ జట్టు స్కోరులోకి రారు. కాని వాళ్లు ఎదుటి జట్టు ఐదో మనిషి కంటే ముందు గీత దాటితే అతని స్థానం కిందికి జరిగి, ఆ జట్టు స్కోరు పెరుగుతుంది. 2023 అక్టోబరులో వానలో, మడమ దిగబడే బురదలో, స్కాలర్‌షిప్పు లేకుండా జట్టులో చేరిన మీ ఆరో కుర్రాడు చివరి రెండు వందల మీటర్లలో ఎదుటి జట్టు ఐదో వాడిని దాటాడు. మీరు ఒక్క పాయింటుతో గెలిచారు. గీత దాటాక అతను మీ దగ్గరికి వచ్చి, "కోచ్, నేను లెక్కలోకి వచ్చానా?" అని అడిగాడనీ, ఒక కాలి బూటు బురదలోనే ఉండిపోయిందనీ రాశారు. మరుసటి ఏడాది కాలి ఎముకలో సన్నని పగులు వచ్చి సీజన్ మొత్తం పోయింది. 2025 ఆగస్టులో జట్టును పదిహేడు మందికి కుదించినప్పుడు అతని పేరు తీసేశారు. నిర్ణయం హెడ్ కోచ్‌ది, వెళ్లి చెప్పే పని మీది.

ఈ పదిహేడు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు చెప్పనవసరం లేదు కాని, మన పాఠకుల్లో కాలేజీ పిల్లలున్న తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు కనుక రెండు మాటలు. ఒకప్పుడు డివిజన్-1 లో పురుషుల ట్రాక్, క్రాస్ కంట్రీ రెంటికీ కలిపి 12.6 స్కాలర్‌షిప్పులు, మహిళలకు 18 ఉండేవి. వాటినే ముక్కలుగా పంచేవారు. జట్టులో ఎంతమంది ఉండాలన్న పరిమితి మాత్రం లేదు. కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ మీద క్రీడాకారులు వేసిన హౌస్ కేసులో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో ఆ లెక్క తలకిందులైంది. ఒప్పందంలో చేరిన విశ్వవిద్యాలయాల్లో స్కాలర్‌షిప్పుల మీద పరిమితి పోయి, మనుషుల మీద పరిమితి వచ్చింది. క్రాస్ కంట్రీకి 17, ట్రాక్‌కు 45. వాటితో పాటు క్రీడాకారులకు ఆదాయంలో నేరుగా వాటా ఇచ్చే వీలు కలిగింది. మొదటి ఏడాదికి ఆ వాటా గరిష్ఠంగా ఒక్కో విశ్వవిద్యాలయానికి సుమారు 2.05 కోట్ల డాలర్లు. అందులో సింహభాగం అమెరికన్ ఫుట్‌బాల్‌కు, తరువాత బాస్కెట్‌బాల్‌కు పోతుంది. టికెట్లు అమ్ముడుపోని ఆటల కోచ్‌లందరూ ఇప్పుడు పై అంతస్తు లెక్కల వైపే చూస్తూ కూర్చున్నారు.

ఇంతకూ మీ ఉత్తరంలో రెండు బాధలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఒకటి హోదా బాధ. అది మీ నాన్నగారు మీకు ఇచ్చినది. రెండోది, ఇంకొకరు తీసుకున్న నిర్ణయాన్ని మోసుకెళ్లి ఒక పిల్లవాడి ముందు దించాల్సి వచ్చిన బాధ. అది పూర్తిగా మీది. డివిజన్-1 నుంచి డివిజన్-3కి వెళితే మొదటి బాధ పెరుగుతుంది, రెండోది తగ్గుతుంది. ఇక్కడే ఉండిపోతే తలకిందులు. ఈ రెంటిలో దేనితో మీరు పదేళ్లు కాపురం చేయగలరన్నది ముందు తేల్చుకోవాలి.

ఇక ఆ చిన్న కాలేజీ సంగతి. డివిజన్-3లో క్రీడా స్కాలర్‌షిప్పులు లేవు, మీరు చెప్పిన ఆ జట్టు పరిమితీ లేదు. ఎవరి పేరూ జాబితాలోంచి కొట్టేయనక్కర్లేదు. వినడానికి బాగుంది కాని, దాని వెనక ఉన్న సంగతిని నేను పనిచేసిన కుర్చీలోంచి చూశాను. చిన్న ప్రైవేటు కాలేజీలు పిల్లలు కట్టే ఫీజు మీద బతుకుతాయి. పరిగెత్తడానికని వచ్చే ప్రతి విద్యార్థీ ఫీజు కట్టే విద్యార్థే. అందుకే హెడ్ కోచ్‌కు ఏడాదికి ఇంతమందిని తేవాలని ఒక సంఖ్య చెబుతారు, కొన్ని చోట్ల కాగితం మీదే రాసి ఇస్తారు. మీ చేతిలో ఇవ్వడానికి స్కాలర్‌షిప్పు లేదు కనుక, ప్రతి కుటుంబంతోనూ సాయంత్రాలు ఫోన్‌లో గంటలు గంటలు మాట్లాడాలి. అరవై మంది పిల్లలు, సగం రోజు జీతానికి పనిచేసే ఒక్క అసిస్టెంటు, పదిహేను సీట్ల వ్యాను తోలేదీ మీరే, దానికి పెట్రోలు బిల్లు పెట్టేదీ మీరే. పిల్లవాడిని తీసేసే పని తప్పుతుంది. దానికి బదులు, వాడిని చేర్చుకోవడం వాడి కోసమా, కాలేజీ లెక్క కోసమా అన్న ప్రశ్న ప్రతి మార్చిలోనూ మీ ముందుకు వస్తుంది. అది నిర్ణయించేది మాత్రం మీరే.

మీ శ్రీమతి అన్న మాటకు ఇక్కడే జవాబు చెప్పాలి, ఎందుకంటే ఉత్తరంలో మీరు చిన్న కాలేజీ అంటే తీరిక అన్నట్టు ఒక చోట రాశారు. అక్టోబరు శనివారాలు దొరకవు. క్రాస్ కంట్రీ ఏ డివిజన్‌లోనైనా ఆగస్టు నుంచి నవంబరు దాకానే, పోటీలు ఎక్కువగా శుక్ర, శనివారాల్లోనే. హెడ్ కోచ్ అయ్యాక ఎగ్గొట్టే వీలు ఇంకా తక్కువ. దొరికేది ఏదైనా ఉంటే అది వసంతం చివర దొరుకుతుంది. మీ ఇప్పటి సీజన్ ప్రాంతీయ పోటీల మీదుగా జూన్‌లో జాతీయ పోటీల దాకా సాగుతుంది. ఒక్క పిల్లవాడు అర్హత సాధించినా మీరు విమానం ఎక్కాల్సిందే. డివిజన్-3 ట్రాక్ జాతీయ పోటీలు మే చివరికల్లా ముగుస్తాయి, మిగతా ప్రయాణాలు కూడా చాలావరకు వ్యానులో పోయి రాగలిగిన దూరాలే. కాబట్టి ఆమెకు అక్టోబరు మాట ఇవ్వకండి. జూన్ మాట ఇవ్వండి, అదీ కాంట్రాక్టు పది నెలలదా, పన్నెండు నెలలదా అని కనుక్కున్నాకే.

ఆమె విషయంలో మీ ఉత్తరం తేలిగ్గా దాటేసిన సంగతి ఇంకొకటుంది. ఫార్మసిస్టు లైసెన్సు రాష్ట్రాలవారీది. పక్క రాష్ట్రానికి మారితే లైసెన్సు బదిలీకి దరఖాస్తు చేయాలి, చాలా రాష్ట్రాల్లో అక్కడి ఔషధ చట్టం మీద పరీక్ష కూడా రాయాలి. ఇంటిని నడుపుతున్న జీతానికి కొన్ని నెలల విరామం వస్తే ఏడాదికి ఏడు వేల డాలర్ల మీ పెంపు ఏ మూలకు? ఈ లెక్క మీరు వేయకుండా, ఆమెనే వేయనివ్వండి.

కాలేజీ ఆరోగ్యం మీరు తప్పక చూడాల్సిన విషయం. 2008 తరువాత అమెరికాలో జననాలు తగ్గాయి, ఆ తగ్గుదల ఇప్పుడే కాలేజీ గేటు దగ్గరికి చేరుతోంది. చిన్న కాలేజీలు మూతపడుతున్న వార్తలు మీరూ చదువుతూనే ఉంటారు. లాభాపేక్ష లేని ప్రైవేటు కాలేజీలు ఏటా పన్ను శాఖకు ఇచ్చే ఫారం 990 ఎవరైనా చూడవచ్చు. నాలుగైదేళ్లవి పక్కపక్కన పెట్టి, ఏటా మిగులుతోందా, తరుగుతోందా చూడండి. అలాగే కేంద్ర విద్యాశాఖ ప్రచురించే ఈక్విటీ ఇన్ అథ్లెటిక్స్ గణాంకాల్లో ప్రతి కాలేజీలో ఏ ఆటలో ఎంతమంది ఆడుతున్నారు, ఎంతమంది అసిస్టెంట్లున్నారు, జట్టు ఖర్చు ఎంత, హెడ్ కోచ్‌ల సగటు జీతమెంత అన్నవి దొరుకుతాయి. మీకు ఇస్తామన్న 61,000 ఆ సగటుకు ఎటువైపు ఉందో తెలిస్తే బేరమాడడానికి నోరు లేస్తుంది. పిల్లల ఫీజు రాయితీ చాలా కాలేజీల్లో కొన్నేళ్ల సర్వీసు తరువాతే మొదలవుతుంది, కొన్నిచోట్ల సిబ్బంది పిల్లలు వేరే కాలేజీలో చేరినా రాయితీ దొరికే మారకపు ఏర్పాటు కూడా ఉంటుంది. మీ పాపకు ఎనిమిదేళ్లు. పదేళ్ల తరువాత ఆ కాలేజీ ఉంటుందా అన్నదే ఆ రాయితీ విలువ.

ఇప్పుడున్న చోట ఉండిపోతే ఏమవుతుందో చూద్దాం. హెడ్ కోచ్ వెళ్లిపోయాక అసిస్టెంట్ల ఉద్యోగాలు పోవడం ఈ వృత్తిలో మామూలు సంగతి, అందులో మీ తప్పేమీ ఉండదు. కొత్త కోచ్‌లు తమతో పని చేసినవారిని తెచ్చుకుంటారు. ఆ పదవికి మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. కాని ఆ నియామకం తేలేసరికి వేసవి నడిమధ్య అవుతుంది, అప్పటికి చిన్న కాలేజీ తలుపు మూసుకుపోయి ఉంటుంది. అందుకని మీ అథ్లెటిక్ డైరెక్టర్‌ను, అంటే క్రీడా విభాగం అధిపతిని, ఈ వారమే కలిసి, మీకు వేరే పిలుపు వచ్చిందని చెప్పి, హెడ్ కోచ్ పదవికి మిమ్మల్ని నిజంగా పరిశీలిస్తారా అని అడగండి. ప్రభుత్వ విశ్వవిద్యాలయం కనుక ఆయన హామీ ఇవ్వలేరు, ప్రకటన వేసి ఎంపిక చేయాలి. అయినా, "దయచేసి ఆగండి, మాట్లాడుకుందాం" అనే మనిషికీ, "మీకు మంచి అవకాశం వచ్చింది, అభినందనలు" అనే మనిషికీ తేడా మీకు తెలుస్తుంది. అభినందనలు వస్తే అదే మీ జవాబు.

పెద్ద పేరున్న చోట ఉన్నాం కదా అని ధీమాగా ఉండడానికీ లేదు. క్లెమ్సన్ లాంటి సంపన్న విశ్వవిద్యాలయమే 2020 నవంబరులో పురుషుల ట్రాక్, క్రాస్ కంట్రీ జట్లను ఎత్తేస్తున్నామని ప్రకటించి, విద్యార్థులు న్యాయపోరాటానికి సిద్ధమయ్యాక 2021 ఏప్రిల్‌లో వెనక్కి తగ్గింది. అప్పట్లో ఆదాయ వాటాల భారం కూడా లేదు.

వెనక్కి పరిగెత్తినట్టేనా అన్నారు. పేరు వినని కాలేజీలంటే నాకు గుర్తొచ్చేది ఆలమోసా. కొలరాడోలో 7,500 అడుగుల ఎత్తున ఉన్న ఆ చిన్న ఊళ్లో, ఆడమ్స్ స్టేట్ అనే కాలేజీలో జో విజిల్ దాదాపు మూడు దశాబ్దాలు కోచ్‌గా ఉన్నారు. 1992 డివిజన్-2 జాతీయ పోటీలో ఆయన కుర్రాళ్లు మొదటి ఐదు స్థానాలూ పట్టుకున్నారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు కూడితే పదిహేను, అంతకంటే తక్కువ స్కోరు ఉండడానికి వీల్లేదు. మీకు ఇంకాస్త దగ్గరగా ఉండే మనిషి దిల్‌జీత్ టేలర్. పంజాబీ వలస కుటుంబపు అమ్మాయి, కాలిఫోర్నియాలో స్టానిస్లాస్ అనే డివిజన్-2 కాలేజీలో పరిగెత్తి, అక్కడే కోచ్‌గా ఎదిగి, 2016లో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఆమె మహిళల జట్టు కోవిడ్ వల్ల వాయిదా పడి 2021 మార్చిలో జరిగిన డివిజన్-1 జాతీయ పోటీలో గెలిచింది, 2024లో మళ్లీ గెలిచింది. ఇద్దరూ అరుదైన మనుషులు కనుక, మీకూ అలాగే జరుగుతుందని నేను చెప్పడం లేదు. చిన్న చోట సొంతంగా జట్టు కట్టినవారిని పై డివిజన్ వాళ్లు చూడరనే భయం మాత్రం నిజం కాదు. పదేళ్లుగా అసిస్టెంటుగానే ఉన్న మనిషి దరఖాస్తు కంటే, ఐదేళ్లు హెడ్ కోచ్‌గా చేసిన మనిషి దరఖాస్తులో చదవడానికి ఎక్కువ ఉంటుంది. అరవై మందిలో ఎంతమంది నాలుగేళ్లూ నిలిచారు, ఎంతమంది తమ సొంత రికార్డు మెరుగుపరచుకున్నారు అన్నవి మొదటి రోజు నుంచీ రాసి పెట్టుకోండి.

మిత్రుడి కంపెనీకి మీరిచ్చినవి రెండే వాక్యాలు కనుక నేనూ ఎక్కువ రాయను. ఆ దారిలో తప్పేమీ లేదు. జీతం బాగుంటుంది, శనివారాలన్నీ మీవే. ఊళ్లో హైస్కూలు జట్టుకు సాయంత్రాలు కోచ్‌గా ఉండవచ్చు, అలా ఉద్యోగం చేసుకుంటూ కోచింగ్ చేసేవారు అమెరికా నిండా ఉన్నారు. కాని కాలేజీ కోచింగ్‌కు నాలుగైదేళ్లు దూరమైతే తిరిగి రావడం కష్టం, కుటుంబాలతో, హైస్కూలు కోచ్‌లతో ఉన్న పరిచయాలు అంతలోనే చల్లారిపోతాయి. డబ్బు కోసం వెళితే వెళ్లండి. నాన్నగారి కోసం వెళ్లకండి, ఎందుకంటే ఆయన అప్పటికి వేరే అసంతృప్తి వెతుక్కుంటారు. పెద్దవారిని ఇలా అన్నందుకు క్షమించాలి, నాకూ అలాంటి తండ్రే ఉండేవారు.

అయినా "డ్రిల్లు మాస్టారు" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. మీ హనుమకొండకు దగ్గర్లోనే పర్వతగిరి మండలం కల్లెడ ఉంది. ఆ ఊరి పిల్ల దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో, మేధో వైకల్యం ఉన్నవారి టీ20 విభాగంలో కాంస్యం తెచ్చింది. ఆమెలో పరుగు ఉందని మొదట కనిపెట్టింది బడిలోని పీఈటీ మాస్టారే. తరువాత ఆమెను తీర్చిదిద్దింది ద్రోణాచార్య పురస్కారం అందుకున్న నాగపురి రమేశ్. ఆ పతకం వచ్చిన రోజున మీ నాన్నగారు కూడా నలుగురికీ ఫోన్ చేసి మా వరంగల్ పిల్ల అని చెప్పే ఉంటారు. ఆయనతో వాదించకండి. ఈ వసంతంలో ఒక పోటీకి పిలిచి, గీత దగ్గర కూర్చోబెట్టండి. మీ జట్టు పిల్లలు పరుగు ముగించి వచ్చి మీతో ఏం మాట్లాడతారో ఆయన చెవులతో విననివ్వండి.

మూడు వారాలు చాలకపోతే ఇంకో వారం అడగండి. మర్యాదగా అడిగితే కాలేజీలు సాధారణంగా ఇస్తాయి, ఇవ్వకపోతే ఎందుకంత తొందరో ఆలోచించాల్సిందే. ఈలోగా ఆ కాలేజీకి ఒకసారి వెళ్లండి, మామూలు పనిరోజున, మీ శ్రీమతితో కలిసి. పొద్దున్నే అభ్యాసం చూడండి. వ్యాను తాళాలు అడిగి ఒకసారి లోపల కూర్చోండి, టైర్లు చూడండి. ఏడాదికి ఎంతమందిని తేవాలో, తేలేకపోతే ఏమవుతుందో అథ్లెటిక్ డైరెక్టర్‌ను సూటిగా అడగండి. అంతకు ముందు ఉన్న కోచ్ ఎందుకు వెళ్లిపోయారో ఆయనకే ఫోన్ చేసి కనుక్కోండి. తిరుగు ప్రయాణం ఐదు గంటలు. మొదటి రెండు గంటలు మీరేమీ మాట్లాడకుండా ఆమె చెప్పేది వినండి, ఆ తరువాత మీరు చూసింది చెప్పండి. ఏం నిర్ణయించుకున్నారో, వీలైతే ఆ ఆరో కుర్రాడు ఇప్పుడెక్కడ ఉన్నాడో నాకు రాయండి.